తెగిన స్టడ్డు, ఆరిపోయిన పదును



ఈ పూట పంట గురించి రాయడం లేదు, పానా గురించి రాస్తున్నా. పానా పట్టడం తెలియక పంట పోగొట్టుకున్నవాణ్ణి నేను. పాత ట్రాక్టరు గానీ, జీపు గానీ, తాతల నాటి అంబాసిడర్ గానీ ఇంటిముందర పెట్టుకుని చేతనైన రిపేరు మనమే చేసుకునేవాళ్ళం మన పల్లెల్లో చాలామందిమి ఉన్నాం. వాళ్ళ కోసమే ఇది. కొంచెం పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మాది జమ్మలమడుగు నుంచి కోయిలకుంట్ల పోయే దోవలో ఒక ఊరు. ఒక గట్టు కడప జిల్లా, అవతలి గట్టు పాత కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల. అంతా నల్లరేగడి. మా బండి మ్యాసీ 1035. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను. మా నాయన 1980ల చివర్లో దాన్ని పాతదే కొన్నాడు. ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ.

నాలుగేండ్ల కిందట జరిగింది చెప్తా. ఉత్తర కార్తె పోయింది, హస్త పోయింది, చిత్తలోనూ చినుకు లేదు. శనగ విత్తనం తెచ్చి మిద్దె మీద పెట్టుకుని ఆకాశం చూస్తా కూర్చున్నాం. స్వాతిలో రెండు రాత్రులు వాన పడింది. నల్లరేగడి సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? వాన నిలిచిన మర్నాడు కాలు పెడితే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది. మూడు నాలుగు రోజులకు పదునుకు వస్తుంది. ఆ పదును నాలుగైదు రోజులే. దాటిందంటే పైమట్టి ఎండి నెర్రె విచ్చుతుంది, విత్తనానికి తేమ అందదు. శనగ పంట బతికేదంతా భూమిలో నిలిచిన ఆ తేమ మీదనే.

నాలుగో రోజు పొద్దున గొర్రు కట్టాల. ముందురోజు సాయంత్రం బండి స్టార్టు చేసి చూసినా. సైలెన్సరు పక్కన "టప్ టప్ టప్" అని శబ్దం. కొత్తదేం కాదు, నాలుగైదేండ్లుగా వింటున్నదే. చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుంటుంది, ఇంజను వేడెక్కితే తగ్గుతుంది. పొగ మ్యానిఫోల్డు, అంటే సిలిండర్ల పొగనంతా పోగుచేసి సైలెన్సరుకు పంపే పోత ఇనుప గొట్టం, హెడ్డుకు అతుక్కునే చోట చివరి నట్టు దగ్గర నల్లగా మసి చార కూడా ఉంది. లూజయింది, బిగిస్తే సరిపోతుంది అనుకున్నా.

పానాకు మూడడుగుల పాత బోరు పైపు ముక్క తొడిగినా. మా నాయన టార్చిలైటు పట్టుకున్నాడు. "ఇంకొంచెం రా" అన్నాడు. ఇంకో పావు చుట్టు తిప్పినా. పానా ఒక్కసారిగా తేలికైపోయింది. చేతికి ఆ తేలిక తగిలినోళ్ళకు తెలుస్తుంది గుండె ఎట్లా జారుతుందో. స్టడ్డు హెడ్డు లోపలికి తెగిపోయింది. పట్టుకుని తిప్పడానికి బయట ఒక నూలుపోగంత కూడా మిగల్లేదు.

మర్నాడు బండి స్టార్టు చేస్తే ఆ సందులోంచి మంట మాదిరి పొగ డీజిలు పైపు మీదకే కొడుతోంది. అట్లనే తోలితే బండి మిగలదు, మనిషీ మిగలడు. ఊర్లో ఏ బండిని అడిగినా అందరికీ అదే పదును, అందరికీ అదే తొందర. మ్యానిఫోల్డూ హెడ్డూ ఊడదీసి ఆటోలో వేసుకుని ప్రొద్దుటూరు పోయినా. మూడు రోజులు పట్టింది. బండి నడిచేసరికి పదును అంచుకు వచ్చింది. పన్నెండెకరాల్లో పల్లం వైపు ఏడెకరాలు బాగానే మొలిచింది. మెరక మీది ఐదెకరాల్లో సగం కూడా రాలేదు. జేజీ-11 విత్తనం ఎకరాకు పాతిక కిలోల పైన పోసినాం. ఆ విత్తనం అప్పు తీరడానికి మళ్ళీ స్వాతి రావాల్సి వచ్చింది.

ప్రొద్దుటూరులో నాకు దొరికిన మేస్త్రికి డెబ్బై దాటింది. చిన్నప్పుడు అంబాసిడర్ ట్యాక్సీల మీద పని నేర్చుకున్న మనిషి. తెగిన స్టడ్డు ముక్క బయటికి తీసి, కిరసనాయిల్లో కడిగి, నా అరచేతిలో పెట్టినాడు.

"చూడు నాయనా, ఏం కనపడతాండాది?"

తెగిన మొహంలో ముప్పాతిక భాగం నల్లగా, తుప్పు పట్టి ఉంది. ఒక పక్క నెలవంకంత మాత్రం వెండి మాదిరి మెరుస్తోంది.

"ఆ మెరిసేది నిన్న తెగింది. నల్లగుండేది ఎన్నేండ్ల కిందటనో పగిలింది. ఏటా కొంచెం కొంచెం నువ్వే తెంచినావు. నిన్న మిగిలింది ఆ మాత్రమే."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నిజం. శబ్దం వచ్చినప్పుడల్లా పైపు తొడిగి ఇంకొంచెం బిగించేది మా ఇంట్లో అలవాటు. అంతకుముందు మా నాయన, ఆ తర్వాత నేను.

"మరి లూజయితే బిగించక ఏం చేయాల?" అని అడిగినా.

"లూజు కాలేదు. వంగింది" అన్నాడు. మ్యానిఫోల్డును బల్ల మీద బోర్లా పెట్టి, దాని మొహం మీద ఇనుప స్కేలు నిలబెట్టి, వెనక నుంచి లైటు వేసినాడు. మధ్యలో స్కేలు ఆనింది. రెండు కొసల్లో వెలుతురు కనపడింది. సందులో ఫిల్లర్ గేజీ రేకులు ఒకటి మీద ఒకటి దూర్చి చూపించినాడు. ఆ వంకరను నేను ఇన్నేండ్లూ నట్టు బలంతో హెడ్డుకు అదిమి పెడుతున్నా. దాని భారమంతా చివరి స్టడ్డు మోసింది.

ఎందుకు వంగిందో ఆయన చెప్పిన తీరు మీకూ చెప్తా. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేసేది చూసినారు గదా. పిడకల మంటలో పట్టా కాలిస్తే సాగుతుంది, చక్రం మీదికి దిగుతుంది, నీళ్ళు పోస్తే బిగుసుకుంటుంది. మ్యానిఫోల్డూ ఇనుమే. లోడు మీద దున్నేటప్పుడు దాంట్లో పోయే పొగ వేడి 400, 500 డిగ్రీలు ఉంటుంది. మూరెడు పొడవు పోత ఇనుము 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. హెడ్డులో నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి అది 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అర మిల్లీమీటరు కూడా సాగదు. అంటే దున్నేందుకు పోయిన ప్రతిసారీ మ్యానిఫోల్డు హెడ్డు మీద అటూ ఇటూ జరగాల, చల్లారితే మళ్ళీ వెనక్కి రావాల. అందుకే దాని రంధ్రాలు స్టడ్డు కంటే కొంచెం పెద్దవిగా చేసి ఉంటారు. మనం పైపు వేసి బండరాయి మాదిరి బిగిస్తే అది జరగలేదు. జరగలేనిది వంగుతుంది, లేదంటే పగులుతుంది, అదీ కాకపోతే స్టడ్డును తెంచుకుంటుంది.

ఇంకో మాట చెప్పినాడు. స్టడ్డు గట్టి రబ్బరు మాదిరిదంట. నట్టు తిప్పితే వెంట్రుకవాసి సాగుతుంది, సాగి వెనక్కి లాక్కుంటుంది. ఆ లాగుడే పట్టు. మితి మీరి సాగదీస్తే ఇంక వెనక్కి రాదు. పైగా మనం పానా మీద పెట్టే బలమంతా స్టడ్డుకు చేరదు. పదిపాళ్ళలో ఐదు పాళ్ళు నట్టు అడుగున రాపిడికి, నాలుగు పాళ్ళు థ్రెడ్డులో రాపిడికి పోతాయి. ఒక్క పాలే స్టడ్డును లాగేది. తుప్పు పట్టిన నట్టయితే ఆ ఒక్క పాలు కూడా అందదు. చేతికేమో చాలా గట్టిగా బిగిసినట్టు అనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. మన చెయ్యి మనకే అబద్ధం చెప్తుంది.

ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నది వరసగా రాస్తున్నా.

మొదట, విప్పేటప్పుడు. వేడి ఇంజను మీద పానా పెట్టొద్దు, పూర్తిగా చల్లారనీయండి. ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలే నూనె పోసి పెట్టండి. పాత ఇంజన్ల నట్లు చాలావాటికి అంగుళాల లెక్క. మా బండికి 9/16 పానా పడుతుంది. 14 నంబరు ఎక్కదు, 15 ఎక్కుతుంది గానీ లూజు. ఆ 15తో తిప్పే నట్టు మూలలు అరగదీసుకున్నాం మేము. సరైన రింగు పానా ఒకటి కొనుక్కోండి. నట్టు మొండికేస్తే బలం పెంచొద్దు. కొంచెం బిగించే వైపు, కొంచెం విప్పే వైపు ఆడించండి. అప్పటికీ కదలకపోతే గ్యాసు మంటతో నట్టును మాత్రం వేడి చేయించండి. అది పని తెలిసిన మేస్త్రి చేతనే, డీజిలు పైపులు తీసిపెట్టి.

తెగిపోతే ఇంట్లో డ్రిల్లు మిషను పట్టుకోవద్దు. డ్రిల్లు పక్కకు జారిందంటే హెడ్డు పోతుంది. ముక్క కొంచెమైనా పైకి ఉంటే దానికి నట్టు వెల్డింగు పెట్టి తిప్పుతారు. లోపలికి తెగితే సరిగ్గా నడిమధ్యన తొలిచి తీయాల. అది లేతు షెడ్డు పని.

రెండోది, మొహాలు. హెడ్డు వైపూ మ్యానిఫోల్డు వైపూ పాత ప్యాకింగు ముక్క, మసి లేకుండా గీకి తుడవండి. స్కేలు ఆనించి వెలుతురు చూడండి. వంకర ఉంటే మొహం సాపు చేయించండి. నాకు ఆ ఖర్చు కొత్త స్టడ్ల ఖర్చుతో కలిపినా రెండు బస్తాల ఎరువంత కాలేదు. పాత ప్యాకింగు మళ్ళీ వాడొద్దు, అది ఒకసారి నలిగిందంటే అంతే. ప్యాకింగు మీద సిలికాను పేస్టు కూడా పూయొద్దు. పొగ వేడికి అది కాలిపోయి సందు మిగులుస్తుంది.

మూడోది, నట్లు. స్టడ్ల థ్రెడ్డు ఇనుప బ్రష్షుతో రుద్ది, నట్టు వేళ్ళతోనే చివరిదాకా పోయేటట్టు చూసుకోండి. పోకపోతే ఆ స్టడ్డో నట్టో మార్చాల్సిందే. దొరికితే ఇత్తడి నట్లు వేయండి. ఇనుప స్టడ్డుకు తుప్పుతో అంటుకోవు, మళ్ళీ విప్పేటప్పుడు స్టడ్డును తెంచవు.

నాలుగోది, వరస. అసలు సంగతి ఇదే. అన్ని నట్లూ ముందు వేళ్ళతోనే ఆనించండి. ఆ తర్వాత పానాతో నడిమధ్యవి మొదలుపెట్టి, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, అట్లా కొసల వైపుకు పోవాల. మొదటి చుట్టులో మూడోవంతు బలం, రెండో చుట్టులో ఇంకో మూడోవంతు, మూడో చుట్టులో పూర్తి బలం. ఒక కొస నుంచి బిగించుకుంటూ పోతే, నులక మంచం ఒక పక్కనే లాగినట్టు, రెండో పక్క లేచి నిలబడుతుంది.

ఐదోది, బలం. టార్కు పానా కొనమని నేను చెప్పను. కొనగలిగితే మంచిదే. మనందరిండ్లల్లో మిరపకాయలో పత్తో తూచే స్ప్రింగు కాటా ఉంటుంది. పానా మీద నట్టు మధ్య నుంచి సరిగ్గా ఒక అడుగు కొలిచి గుర్తు పెట్టండి. అక్కడ కాటా కొక్కీ తగిలించి, పానాకు అడ్డంగా, మూలమట్టం మాదిరి లాగండి. ముల్లు పది చూపిస్తే నట్టు మీద పడిన బలం దాదాపు మూడు కిలోగ్రామ్-మీటర్లు. మా బండి మ్యానిఫోల్డు నట్లకు మేస్త్రి చెప్పింది అంతే. మీ బండికి ఎంతో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, అది చూసుకోకుండా నా అంకె వాడొద్దు. థ్రెడ్డుకు నూనె గానీ గ్రీజు గానీ పూస్తే రాపిడి తగ్గి స్టడ్డు మీద లాగుడు పెరుగుతుంది. మాన్యువల్ అంకె పొడి థ్రెడ్డుకా, నూనె పూసినదానికా అనేది కూడా చూడండి. కాటా సరిగ్గా ఉందా లేదా అనేది పది లీటర్ల నీళ్ళు పోసిన క్యాను తగిలించి ముందే చూసుకోండి. నీళ్ళు పది కిలోలు, క్యాను బరువు అదనం.

ఇప్పుడు లెక్క చూడండి. మూడడుగుల పైపు కొసన నేను ముప్పై కిలోల బలంతో లాగి ఉంటా. అంటే ఉండాల్సినదానికి తొమ్మిదింతలు. వేలు మందం కూడా లేని స్టడ్డు అన్నేండ్లు ఎట్లా ఓర్చుకుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆరోది, మళ్ళీ చూసుకోవడం. బిగించినాక ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున అదే వరసలో, అదే బలంతో ఇంకోసారి చూడండి. కొత్త ప్యాకింగు మొదటి వేడికి అణుగుతుంది కాబట్టి నట్టు కొంచెం తిరుగుతుంది. అంతకు మించి ఏటేటా తిరుగుతా ఉంటే నట్టు తప్పు అనుకోవద్దు, మొహం వంగిందేమో చూడండి.

అంబాసిడర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. ఆ కారు 2014లో ఆగిపోయింది గానీ మన వైపు ఇంకా కొన్ని పెండ్లిండ్లకు తిరుగుతానే ఉండాయి. పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజనులో గాలి మ్యానిఫోల్డూ పొగ మ్యానిఫోల్డూ ఒకే పక్క ఉంటాయి. కొన్ని స్టడ్ల మీద ఒకే మందపాటి వాచరు రెండింటి చెవులనూ కలిపి అదుముతుంది. ఒక చెవి మందం, ఇంకొకటి పలచన అయితే వాచరు వాలిపోయి, మందంగా ఉన్నదే బిగుస్తుంది, పలచనది గాలి లాగుతుంది. మేస్త్రి మాటల్లో "ఒకే కాడికి రెండెద్దులు కట్టినప్పుడు రెండూ ఒక ఎత్తు ఉండాల." అట్లాంటి చోట ఎంత బిగించినా లాభం లేదు, రెండు చెవుల మందం ఒకటి చేయించాల. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మన దేశంలో బిగించిన విల్లీస్ జీపుల పాత ఇంజనులో ఆ రెండు మ్యానిఫోల్డులూ ఒకదానికొకటి బోల్టులతో కలిపి ఉంటాయి. వాటిని ముందే గట్టిగా కలపకుండా లూజుగా ఉంచి, మొదట ఇంజనుకు బిగించి, ఆ తర్వాత రెండింటినీ కలిపే బోల్టులు బిగించాల.

"టప్ టప్" వింటా పనిచేసుకునే అలవాటు మానండి. పొగ లీకయ్యే బండిని గడ్డివామి దగ్గరికీ, శెనక్కాయ కట్టె దగ్గరికీ తీసుకపోవద్దు. రవ్వ ఒక్కటి చాలు. తలుపులు మూసిన షెడ్డులో నడపొద్దు, ఆ పొగలో వాసన రాని విషం ఉంటుంది.

పోయిన ఏడు వాన పడకముందే మ్యానిఫోల్డు విప్పి, అన్నీ సరిచూసి కొత్త ప్యాకింగు వేసినా. ఒకరోజు ఎండు దుక్కి దున్ని, మర్నాడు పొద్దున రెండోసారి చూస్తాంటే మా నాయన వచ్చినాడు. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గింది. తెగిన స్టడ్డులో నల్లగుండే భాగం గురించి ఆయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఆయనే అడిగినాడు, "ఆపొద్దు ప్రొద్దుటూరులో ఆయప్ప ఏమన్నాడు రా? తెంచింది నువ్వా, నేనా?"

"ఇద్దరం" అన్నా.

కొంచేపు మాట్లాడలేదు. తర్వాత కాటా ఇటియ్యమన్నాడు. నేను పానా సరిగ్గా పట్టుకుంటే, ఆయన కాటా లాగుతా, అంకెలు కంటికి దగ్గరగా పెట్టుకుని చదివినాడు. "ఎనిమిది... తొమ్మిది... తొమ్మిదిన్నర..." పది దగ్గర చెయ్యి ఆపినాడు.

ఇంకొంచెం లాగుతాడేమో అని చూసినా. లాగలేదు.

"సాలు రా" అన్నాడు.